తాలు ఎవరు ఏరాలి?

మూడు గంటల విహెచ్ఎస్ క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించడానికి మూడు గంటలు పడుతుంది. దీనికి దగ్గరి దారి లేదు. ఫైలయితే కాపీ కొట్టి పక్కకెళ్ళి టీ తాగి రావచ్చు. టేపుని మాత్రం అది పుట్టిన వేగంతోనే నడిపించాలి. సెకనుకి 25 ఫ్రేములు, అంతే. లోపల అరంగుళం వెడల్పు రీలు దాదాపు 250 మీటర్ల పొడవున ఉంటుంది. దాని ముందు ఒక చిన్న డ్రమ్ము సెకనుకి 25 సార్లు తిరుగుతూ బొమ్మని చదువుతుంది. మధ్యలో రీలు చిక్కుకోవచ్చు, బొమ్మ ఊగొచ్చు, గీతలు రావచ్చు. కాబట్టి ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూస్తూ ఉండాలి.

పోయిన రెండేళ్ళుగా మా ఇంట్లో ఆ ఎవరో ఒకణ్ణి నేనే. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రుళ్ళు చుట్టాల పెళ్ళిళ్ళు. ఈ పనిలో సాంకేతికమైన చిక్కులు చాలానే ఉన్నాయి, వాటికి జవాబులూ ఉన్నాయి. జవాబు తేలిగ్గా దొరకని ప్రశ్న ఒకటుంది: దీంట్లో ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, అది చెప్పాల్సింది ఎవరు? దాని గురించే ఈ వ్యాసం.

ముందు టేపు సంగతి కొంచెం. ప్లాస్టిక్ రీలు మీద పూసేది ఐరన్ ఆక్సైడ్. అంటే రసాయనికంగా తుప్పుకి దగ్గరి చుట్టం. మన పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ ఒకప్పుడు తుప్పు మీద రాసి పెట్టుకున్నాం. ఆ తుప్పుని రీలుకి అంటించి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చి మెత్తబడుతుంది. మా వైపు, అంటే పర్చూరు, చిలకలూరిపేట మధ్య నల్లరేగడి ఊళ్ళల్లో, క్యాసెట్లు బీరువాలో పట్టుచీరల కింద కలరా ఉండల మధ్య ఉంటాయి. పాతికేళ్ళ వానాకాలాల తర్వాత తీసి చూస్తే రీలు అంచు మీద తెల్లగా బూజు. ఆ బూజుతోనే ఆడిస్తే అది విసిఆర్ హెడ్డుకి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్టుకీ పాకుతుంది. ఆడించడానికి అసలు విసిఆర్లే లేవు. జపాన్లో 1976లో మొదలైన ఈ విహెచ్ఎస్ యంత్రాల్ని చివరిదాకా తయారు చేసిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఆపేసింది. 2019లో యునెస్కో ప్రపంచంలోని ఆర్కైవులన్నిటినీ హెచ్చరించింది: 2025 నాటికల్లా టేపుల్లో ఉన్నది డిజిటల్లోకి మార్చుకోండి, ఆ తర్వాత ఆడించే యంత్రమూ దొరకదు, బాగుచేసే మనిషీ దొరకడు అని. ఆ గడువు కూడా వచ్చేసింది.

డిస్కులోకి ఎక్కిస్తే శాశ్వతం అనుకునే వాళ్ళున్నారు. కాదు. ఇంట్లో రాసుకునే డివిడిలో సమాచారం నిలబడేది ఒక రంగుపూత మీద. ఎండా వేడీ తగిలితే అదీ వెలిసిపోతుంది. పదిహేనేళ్ళ క్రితం ఊళ్ళో చాలామంది క్యాసెట్లని డివిడిల్లోకి మార్పించుకుని, ఇక చాల్లే అని క్యాసెట్లు పారేశారు. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్కు పెట్టే చోటే లేదు. డిస్కు ఒక మజిలీ మాత్రమే. హార్డ్ డిస్కు ఇంకో మజిలీ.

ఇది మనకి కొత్తేం కాదు. తాళపత్రాలకీ ఇదే గతి. ఆకు ఎంత మంచిదైనా పురుగు తింటుంది, తేమకి చివుకుతుంది. కాబట్టి కొన్ని తరాలకోసారి ఎవరో కూర్చుని నకలు రాయాలి. ఎవరూ నకలు రాయనిది పోయింది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ జీతాలిచ్చి లేఖకుల్ని పెట్టుకుని, దొరికిన ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి రాయించాడు కాబట్టి చాలా గ్రంథాలు ఈ రోజు చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. అంటే మనకి అందిన పాత సాహిత్యమంతా ఏదో ఒక కాలంలో ఎవరో ఒకరు ‘ఇది పనికొస్తుంది’ అనుకున్న సాహిత్యం. అనుకోనిది ఏమిటో మనకి ఎప్పటికీ తెలియదు. నకలు తీయడమంటే పైకి చాకిరీలాగే కనిపిస్తుంది గానీ, లోపల అదొక తీర్పు.

క్యాసెట్టు విషయంలో ఈ తీర్పులు ఒకటి కాదు, మూడు నాలుగు అంచెల్లో జరుగుతాయి.

మొదటి తీర్పు వీడియోగ్రాఫర్ది. 1998లో మా పెదనాన్న గారి అమ్మాయి పెళ్ళి మా ఊళ్ళోనే, ఇంటి ముందు పందిట్లో జరిగింది. భుజం మీద పెట్టుకునే పెద్ద కెమెరా, వెనకాల వైరు పట్టుకుని లైటు మోసే కుర్రాడు. ఆ లైటు ఎటు తిరిగితే అటే పెళ్ళి. తర్వాత స్టూడియోలో మిక్సింగ్. హృదయాకారంలో వధూవరులు, విచ్చుకునే తామరపువ్వులో అత్తగారు, మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు. ఈ పాటలే అసలు నష్టం. వాటికోసం పెళ్ళిలోని అసలు శబ్దం మొత్తం తుడిచేశారు. మంత్రాలు లేవు, సన్నాయి లేదు, వేళాకోళాలు లేవు. అందరి పెదాలూ కదులుతుంటాయి, వినపడేది మాత్రం ఆ ఏడాది హిట్టయిన డ్యూయెట్టు.

రెండో తీర్పు సాఫ్ట్‌వేర్ది. నష్టం తక్కువగా ఉండే డివి ఫార్మాట్లో పట్టుకుంటే గంటకి సుమారు 13 జిబి అవుతుంది. మూడు గంటల పెళ్ళి దాదాపు 40 జిబి. మామూలు డివిడిలో పట్టేది 4.7. కాబట్టి కంప్రెషన్ చేయాలి, అంటే ‘కన్ను గమనించదు’ అనుకున్న సమాచారం వదిలెయ్యాలి. మరీ నొక్కేస్తే ముందు చెడేది చీకట్లో ఉన్న భాగాలు. వెలుగులో ఉన్న పెళ్ళికూతురి మొహం బాగానే ఉంటుంది. వెనకాల మసకలో విస్తళ్ళు ఎత్తుతున్న మనిషి నాలుగు చదరపు ముక్కలైపోతుంది. ఇంజనీరుగా నాకు ఇది మామూలు క్వాంటైజేషన్. కానీ లైటు ఎవరి మీద వెయ్యాలో నిర్ణయించిన ఊరూ, బిట్లు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించిన లెక్కా ఇంత చక్కగా కలిసిపోవడం చూస్తే నవ్వు రాలేదు.

మూడో తీర్పు షాపు వాళ్ళది, లేదా నాలాంటి వాడిది. బొమ్మ లేని చోట్లు, ఊగిన చోట్లు, రెండు పాటల మధ్య ఖాళీలు ఉంటాయి కదా. వాటిని ‘క్లీన్’ చేసి ఇమ్మని అడుగుతారు, షాపుల్లో అడక్కపోయినా చేసిస్తారు.

మా అక్క పెళ్ళి క్యాసెట్టులో మా తాతయ్య గొంతు ఉన్నది అలాంటి ఒక ఖాళీలోనే. గంటా పదకొండో నిమిషంలో ఒక పాట అయిపోయింది. తర్వాతి పాట అందుకోవడానికి స్టూడియో వాడు కాస్త ఆలస్యం చేసినట్టున్నాడు. ఆ సందులో ఏడు సెకన్లపాటు అసలు శబ్దం బయటపడింది. గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాడి ఏడుపు, ఆ పైన తాతయ్య: “చివర బంతికి పప్పు రాలేదంట, చూడండ్రా.” అంతే. మళ్ళీ పాట. తాతయ్య 2001లో పోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. మా నాయనమ్మకి ఆ ఏడు సెకన్లు వినిపిస్తే ఆమె ఏడవలేదు. “వచ్చిందా మరి పప్పు?” అని అడిగింది.

మాది మిర్చి పండే నేల కాబట్టి ఇక్కడ ఒక మాట గుర్తొస్తుంది, తాలు. కళ్ళంలో కాయలు ఎండిన తర్వాత ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరతారు. వానకి తడిసినవి, తెగులు తగిలినవి, రంగు పోయి తెల్లబడ్డవి తాలు. మంచికాయ గుంటూరు యార్డుకో, ధర వచ్చేదాకా కోల్డ్ స్టోరేజికో పోతుంది. మిర్చిలో తాలు ఏదో పసిపిల్లనడిగినా చెబుతుంది. రంగే చెబుతుంది. క్యాసెట్టులో తాలుకి రంగు లేదు. మూడు గంటల్లో అందరికన్నా పనికిమాలిన ఏడు సెకన్లే మా ఇంటికి అన్నిటికన్నా విలువైనవి అయ్యాయి.

దీన్నుంచి ‘ఏదీ తీయకూడదు, అన్నీ ఉంచాలి’ అనే సూత్రం తేలిగ్గానే వస్తుంది. మన దేశంలో ఈ సూత్రాన్ని పట్టుకుని బతికిన మనిషి పి.కె. నాయర్. పుణెలో 1964లో పెట్టిన నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ని రెండున్నర దశాబ్దాలపాటు రీలు రీలుగా నింపి, 1991లో రిటైరయ్యాడు. 2012లో వచ్చిన ‘సెల్యులాయిడ్ మ్యాన్’ డాక్యుమెంటరీ ఆయన మీదే. గొప్ప సినిమా, చెత్త సినిమా అని ఆర్కైవిస్టు తేడా చూడకూడదు, దొరికిందల్లా దాచాలి అనేది ఆయన పద్ధతి. మన మొదటి టాకీ ‘ఆలం ఆరా’ (1931) ఒక్క ప్రింటు కూడా మిగలని దేశంలో ఆ పట్టుదల అర్థం చేసుకోదగిందే. నేనూ నాయర్ గారి పక్షమే. అయితే అదే క్యాసెట్టు ఆ సూత్రాన్ని ఇంకో రెండు వైపుల నుంచి ప్రశ్నించింది.

ఒకటి. అందులో మా తాతయ్య దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి నాలుగు సెకన్లు కనిపిస్తాడు. భుజాన నీళ్ళ బిందెతో ఫ్రేములోకి వచ్చి, కెమెరా ఉందని చూసి, సిగ్గుపడి పక్కకి తప్పుకుంటాడు. ఆయన కొడుకు ఇప్పుడు చిలకలూరిపేటలో ఆటో నడుపుతాడు. ఆ నాలుగు సెకన్లు కోసి వాట్సాప్‌లో పంపాను. అరగంటకి ఫోన్ చేశాడు. ఇంట్లో తండ్రిది రేషన్ కార్డు మీది ఫోటో ఒక్కటే ఉందట. అది కూడా సగం చెరిగిపోయిందట. “బాబూ, ఇంకెక్కడన్నా ఉన్నాడా మా నాయన అందులో?” అని అడిగాడు. ఆ ప్రశ్న కోసం మూడు గంటలు మళ్ళీ చూశాను, ఈసారి మధ్యలో ఉన్నవాళ్ళని కాకుండా అంచుల్ని. ఇంకో చోట వీపు, ఒక చోట చెయ్యి. “వీపయినా పంపు బాబూ” అన్నాడు. పెళ్ళి మాదే, క్యాసెట్టుకి డబ్బులిచ్చింది మేమే. అయినా అందులో ఆయన వాటా ఉంది. దాన్ని అడగొచ్చని పాతికేళ్ళుగా వాళ్ళకెవరూ చెప్పలేదు.

రెండు. ఆ పెళ్ళి నిలబడలేదు. నాలుగేళ్ళకి అక్క తిరిగి వచ్చేసింది. ఆ నాలుగేళ్ళలో ఏం జరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. తర్వాత మళ్ళీ పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు, బెంగుళూరులో ఉంటుంది. ఆ మొదటి పెళ్ళి సంగతి పిల్లలకి చెప్పిందో లేదో నాకు తెలియదు. క్యాసెట్టు సంగతి తెలిశాక ఇంట్లో తలా ఒక మాట అన్నారు. పెదనాన్న: “ఆ అబ్బాయి ఉన్న ముక్కలన్నీ తీసేసి, నాన్న ఉన్నవీ చుట్టాలు ఉన్నవీ అతికించి ఇవ్వరా.” మా నాన్న: “ఉన్నది ఉన్నట్టు ఉంచు, ఎవరికీ చూపించకు.” పిన్ని: “ఆ రోజు అందరం ఎంత బాగున్నామో, నాకో కాపీ పెట్టు.” అక్కని మాత్రం ఎవరూ అడగలేదు. మూడు గంటల్లో రెండున్నర గంటలు తెర మీద ఉన్న మనిషి ఆమె.

ఇక్కడే నాయర్ గారి సూత్రం నా చేతుల్లో ఆగిపోయింది. సినిమా తీసేది నలుగురూ చూడాలని. నటించిన వాళ్ళకి ఆ సంగతి తెలుసు. దాన్ని దాచడమంటే ఆ మాట నిలబెట్టడమే. ఇంటి క్యాసెట్టు అలా కాదు. ఇరవై ఏళ్ళ అమ్మాయి తల వంచుకుని కూర్చున్నప్పుడు, ఇది ఒకరోజు పెన్‌డ్రైవులో దూరి ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతుందని ఒప్పుకుని కూర్చోలేదు. ఆ రోజుల్లో క్యాసెట్టు చూడాలంటే వీసీపీ అద్దెకి తెచ్చుకోవాలి, కరెంటుండాలి, ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. చూడటంలో ఉన్న ఆ కష్టమే ఆమెకి కొంత రక్షణ. డిజిటల్‌లోకి మార్చి ఆ రక్షణని తీసేస్తున్నది నేను. ‘నేను ఊరికే ఫార్మాట్ మారుస్తున్నా’ అంటే అది అబద్ధం.

అయితే పెదనాన్న అడిగినట్టు అతికించడం కూడా నాకు సరి అనిపించలేదు. పెళ్ళికొడుకు లేని పెళ్ళి ఎలా ఉంటుంది? అక్క ఒక్కతే పీటల మీద, ఎవరో తెలియని చెయ్యి తాళి కట్టబోతుంటే కట్. జరిగింది జరగలేదని చెప్పడానికి ఆమె బొమ్మనే వాడుకోవడం అది. ఆమె బాధని దాచినట్టు కనిపిస్తుంది గానీ, దాచేది ఆ సంబంధం తెచ్చిన పెద్దల ఇబ్బందిని.

అక్కకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తాతయ్య గొంతు గురించి, నీళ్ళ బిందె మనిషి గురించి, ఎవరెవరు ఏం అడిగారో దాని గురించి. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: “తాతయ్య ముక్క తీసుకో, నాయనమ్మకివ్వు. ఆయనవి వాళ్ళబ్బాయికివ్వు. మిగతాది నాకు పంపెయ్యరా, నీ దగ్గర కూడా ఉంచుకోకు.”

చివరి మాట నాకు కష్టంగానే తగిలింది. ఆర్కైవిస్టు బుద్ధి ఉన్నవాడికి ‘ఒక్కటే కాపీ’ అనే మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మూడు చోట్ల దాచుకోవాలనేది మా వృత్తిలో మొదటి పాఠం. పైగా వాదనలూ ఉన్నాయి. రేపు ఆమె మనసు మారితే? ఆమె కూతురు పెద్దయి అడిగితే? ఎవరికీ తెలియకుండా ఒక కాపీ ఉంచుకుంటే ఎవరికి నష్టం? ఈ చివరి ప్రశ్న ఎంత మర్యాదగా వినిపిస్తుందో అంత ప్రమాదకరమైంది. ‘ఆమె మంచి కోసమే’ అని ఆమెకి తెలియకుండా నిర్ణయించడం అప్పుడు ఒకసారి జరిగింది, పెళ్ళిచూపుల రోజున. దాన్ని నేను హార్డ్ డిస్కు మీద ఇంకోసారి చేయదలచుకోలేదు. క్యాసెట్టూ, ఫైలూ రెండూ బెంగుళూరు వెళ్ళాయి. నా దగ్గరున్నవి చెరిపేశాను. ఆమె వాటిని ఏం చేసిందో అడగలేదు. అడిగే హక్కు నాకు లేదనుకుంటాను.

ఇది అన్ని ఇళ్ళకీ వర్తించే సూత్రం అనను. చరిత్రకి అవసరమైన సాక్ష్యం ఒకరికి ఇష్టం లేదని మాయమైపోతే అది వేరే అన్యాయం. ఒక ఊరి సభ, ఒక ఉద్యమం, ఒక ఎన్నికల ఊరేగింపు ఎవరి క్యాసెట్టులోనన్నా ఉంటే అక్కడ నేను నాయర్ గారి వైపే నిలబడతాను. ఇంటి క్యాసెట్టు విషయంలో మాత్రం నాకు తేలింది ఇది. ముందు మొత్తం పట్టుకోవాలి, ఖాళీలతో సహా, ఊగిన చోట్లతో సహా. ఏది విలువైందో ముందే తెలుసని అనుకోకూడదు. ఆ తర్వాత, ఎవరికీ పంపకముందే, అందులో ఉన్నవాళ్ళని అడగాలి. డబ్బులిచ్చిన వాళ్ళకన్నా ముందు, యంత్రం ఉన్నవాడికన్నా ముందు, తెర మీద ఉన్నవాళ్ళని. మధ్యలో ఉన్నవాళ్ళని ఎలా అడుగుతామో అంచుల్లో ఉన్నవాళ్ళనీ అలాగే.

అడగడానికి కూడా గడువుంది. టేపుల గడువు గురించి యునెస్కో చెప్పింది, మనుషుల గడువు గురించి ఎవరూ చెప్పరు. మా బీరువాలో ఇంకా పదకొండు క్యాసెట్లున్నాయి. వాటిలో కనిపించే పెద్దవాళ్ళలో సగం మంది లేరు. ఉన్నవాళ్ళలో కొందరికి జ్ఞాపకం పోతోంది. ‘ఇదెవరు?’ అంటే చెప్పగలిగే మనిషి పక్కన కూర్చుని ఉండగా చూడటం వేరు, తర్వాత ఒంటరిగా చూడటం వేరు. అందుకే ఇప్పుడు క్యాసెట్టు పెట్టేటప్పుడు నాయనమ్మని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. ఆమె చెప్పిన పేర్లు నిమిషం, సెకనుతో సహా ఒక నోట్‌బుక్కులో రాస్తున్నాను. సగం పేర్లు మా చుట్టాలవి కావు.

మిర్చి యార్డులో తాలుని కూడా పారెయ్యరు. దానికి వేరే రాశి పోస్తారు, వేరే ధర కడతారు, కొనేవాళ్ళు దానికీ ఉన్నారు. ఏరడం తప్పు కాదు. ఏరకుండా ఎవరూ బతకలేరు, మూడు గంటలు మళ్ళీ మళ్ళీ చూసే ఓపిక ఎవరికుంది? కాకపోతే కళ్ళంలో ఏరే ఆడవాళ్ళు ఒక్కో కాయనీ చేతిలోకి తీసుకుని చూసి మరీ పక్కన పెడతారు. క్యాసెట్టుని అది నడిచే వేగంతోనే, పూర్తిగా ఒకసారి చూడటం అంటే అదే.